జెంటూ అంటే ఎవరు? ఒక పాత ఇంగ్లీషు మాటకు ఉన్న రెండు అర్థాలు

1807లో మద్రాసులో ఒక వ్యాకరణ గ్రంథం అచ్చయింది. ఉత్తర సర్కారుల్లో ఏళ్ల తరబడి కొలువు చేసిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఒకరు రాసిన ఆ పుస్తకం పేరు 'జెంటూ భాషా వ్యాకరణం'. మద్రాసుకు ఉత్తరాన, వాయవ్యాన నివసించే జెంటూ ప్రజలు మాట్లాడే భాషకు ఇది వ్యాకరణమని ముఖపత్రం మీదే విప్పి చెప్పారు. ఆ దిక్కులు చూస్తే ఆ ప్రజలెవరో మనకు వేరే చెప్పనక్కరలేదు. వాళ్లు తెలుగువాళ్లు, అది తెలుగు వ్యాకరణం. అయితే అంతకు 31 ఏళ్ల ముందు, 1776లో, లండన్‌లో 'జెంటూ చట్టాల సంహిత' అనే మరో పుస్తకం వెలువడింది. దానికి తెలుగుతో ఏ సంబంధమూ లేదు. కంపెనీ గవర్నరు వారన్ హేస్టింగ్స్ పురమాయింపు మీద బెంగాల్‌లో 11 మంది పండితులు సంస్కృతంలో కూర్చిన 'వివాదార్ణవసేతు' అనే ధర్మశాస్త్ర సంకలనాన్ని ముందు పారసీలోకి మార్చగా, ఆ పారసీ నుంచి నథానియెల్ హాల్‌హెడ్ చేసిన ఇంగ్లీషు అనువాదం అది. అక్కడ జెంటూ అంటే హిందువు.

ఒకే మాట ఒక పుస్తకంలో హిందువులందరినీ, మరో పుస్తకంలో తెలుగువాళ్లను మాత్రమే సూచించడం పాత కాగితాలు చదివేవారిని ఎంతగానో తికమక పెడుతుంది. ఈనాటి ఇంగ్లీషులో ఈ మాట ఈ రెండు అర్థాల్లోనూ చచ్చిపోయింది. కానీ పదిహేడో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగం దాకా తెలుగుదేశం గురించి ఇంగ్లీషులో రాసిన రికార్డుల్లో అది అడుగడుగునా కనిపిస్తుంది కాబట్టి, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా ఆ రికార్డులను సరిగ్గా చదవలేము.

ఈ మాట ఇంగ్లీషువాళ్ల సొంతం కాదు, బుడతకీచుల (పోర్చుగీసువాళ్ల) దగ్గర తెచ్చుకున్నది. పోర్చుగీసులో 'జెంతియు' అంటే క్రైస్తవుడూ యూదుడూ ముస్లిమూ కాని మనిషి. తెలుగు బైబిలు చదివినవారికి 'అన్యజనులు' అనే మాట పరిచయమే కదా, సరిగ్గా అదే భావం. పదహారో శతాబ్దం మొదట్లో ఇక్కడికి వచ్చిన పోర్చుగీసువాళ్లకు తమ మతం కాని వారిలో ఒక వర్గం బాగా తెలుసు. వాళ్లు ముస్లింలు. స్పెయిన్‌లో, మొరాకోలో తాము పోరాడిన ముస్లింలను 'మూర్లు' అని పిలిచిన అలవాటుతోనే ఇక్కడి ముస్లింలనూ మూర్లు అన్నారు. మిగిలినవాళ్లంతా వాళ్ల లెక్కలో అన్యజనులు. దువార్తె బర్బోజా, కృష్ణదేవరాయల కాలంలో విజయనగరం చూసిన దొమింగో పాయెష్, ఆ తరువాత వచ్చిన ఫెర్నావ్ నూనిజ్ రాతల్లో ఈ రెండు మాటల విభజనే నడుస్తుంది. ఇది మన దగ్గర పుట్టిన విభజన కాదనీ, అక్కడి నుంచి మోసుకొచ్చి ఇక్కడి మనుషుల మీద పరిచినదనీ గుర్తుంచుకోవాలి. ఎందుకంటే జెంటూ అనే మాటలో ఒక జాతి గురించి గానీ, ఒక మతం గురించి గానీ ఏ సమాచారమూ లేదు. ఫలానా వాళ్లు కారు అన్న సంగతి ఒక్కటే ఉంది. లోపల అర్థం ఖాళీగా ఉన్న మాట కాబట్టే ఒకచోట ఒకరికీ, మరోచోట ఇంకొకరికీ సులువుగా అతుక్కుంది.

కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్ల వ్యాపారం 1611లో మచిలీపట్నంతో మొదలైంది. అప్పటికి ఈ తీరపు రేవుల్లో విదేశీయులకూ స్థానికులకూ మధ్య నడిచే భాష ఒకరకమైన పోర్చుగీసు. ఇంగ్లీషు వర్తకులు పోర్చుగీసు మాటలను చెవికి తోచినట్టు పట్టుకుని, చేతికి వచ్చినట్టు రాసుకున్నారు. జెంటు, జెంట్యూ, జెంటూ అని ఒక్కో గుమాస్తా ఒక్కో తీరుగా రాశాడు. పద్దెనిమిదో శతాబ్దానికి గానీ దాని వర్ణక్రమం స్థిరపడలేదు.

ఇంతవరకూ మొదటి అర్థం. హిందువులందరికీ చెల్లే ఆ మాట తెలుగుకు ఎలా కుదించుకుపోయిందన్నది అసలు చిక్కుముడి.

1886లో హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ తయారుచేసిన ఆంగ్లో-ఇండియన్ పదకోశం 'హాబ్సన్-జాబ్సన్' ఈ రెండు అర్థాలనూ విడదీసి చూపించి, రెండోదానికి ఒక కారణం ఊహించింది. పోర్చుగీసువాళ్లు వచ్చేనాటికి దక్షిణాదిలో చాలా భాగం విజయనగర తెలుగు రాజ్యం కింద ఉంది కాబట్టి, అన్యజనులంటే ముందుగా తెలుగువాళ్లే గుర్తుకు వచ్చి ఉంటారని దాని సారాంశం. ఈ వివరణను చాలామంది అలాగే తిరిగి చెబుతూ వచ్చారు. నాకు మాత్రం ఇది సగమే నమ్మదగినదిగా అనిపిస్తుంది. విజయనగరం తెలుగు ఒక్కటే మాట్లాడిన రాజ్యం కాదు, కన్నడానికి అక్కడ ఉన్న స్థానం చిన్నదీ కాదు. పైగా తెలుగువాళ్లను విడిగా చెప్పవలసి వచ్చినప్పుడు పోర్చుగీసువాళ్లకు వేరే మాట ఉండనే ఉంది. తమిళులు ఉత్తరం నుంచి వచ్చిన తెలుగువాళ్లను 'వడుగులు' అంటారు. దాన్నే పోర్చుగీసువాళ్లు 'బడగలు'గా మార్చుకున్నారు. 1544లో కన్యాకుమారి వైపు ముత్యాల తీరం మీద విరుచుకుపడిన విజయనగర సైన్యాన్ని క్రైస్తవ మతబోధకుడు ఫ్రాన్సిస్ జేవియర్ తన ఉత్తరాల్లో బడగలు అనే పిలిచాడు.

అందుచేత ఈ కుదింపు విజయనగర దర్బారులో కన్నా మద్రాసు వీధుల్లో జరిగిందనుకోవడమే సబబుగా తోస్తుంది. 1639లో ఆ ఇసుక దిబ్బను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు, తెలుగు పాలకుడు. అక్కడ సెయింట్ జార్జి కోట కట్టినప్పటి నుంచి కంపెనీకి బట్టలు సమకూర్చిన పెద్ద వర్తకుల్లో బేరి తిమ్మన్న, కాసి వీరన్న వంటి తెలుగువాళ్లు ముందు వరుసలో ఉన్నారు. సరుకు కొనాలన్నా, నేత పల్లెలకు బయానా పంపాలన్నా, నాయకుడికి విన్నపం రాయాలన్నా కంపెనీ కొలువులోని ఇంగ్లీషువాడికి ఎదురయ్యే భాష తెలుగు. మరోవైపు అదే ఊళ్లో ఉన్న తమిళులకు అప్పటికే ఒక పేరు స్థిరపడిపోయింది. పడమటి తీరంలో మొదట దిగిన పోర్చుగీసువాళ్లు అక్కడి పేరునే తూర్పు తీరపు తమిళానికీ తగిలించి, దాన్ని 'మలబారు' భాష అన్నారు. ఇంగ్లీషువాళ్లు దాన్నే అందుకున్నారు. ముస్లింలు మూర్లు, తమిళులు మలబారులు అయ్యాక, ఊళ్లో విడిగా పేరు లేకుండా మిగిలినవాళ్లు తెలుగువాళ్లు. ఎవరికీ ప్రత్యేకించని 'జెంటూ' అనే సాధారణ నామం వాళ్లకు దక్కింది.

దీనికి నాకు కనిపించే గట్టి ఆధారం 1683 నాటి మద్రాసు కౌన్సిలు రికార్డులోనిది. స్థానికులకు సంబంధించి ఇంగ్లండు నుంచి కంపెనీ ఒక శాసనం పంపగా, దాన్ని పోర్చుగీసు, జెంటూ, మలబారు, మూర్ భాషల్లోకి అనువదించి దండోరా వేయించాలని కౌన్సిలు తీర్మానించింది. ఈ నాలుగు పేర్లనూ వరసగా చూడండి. పోర్చుగీసు ఒక్కటే ఉన్న పేరుతో ఉంది. తెలుగును అన్యజనుల భాష అనీ, తమిళాన్ని పడమటి తీరం పేరుతోనూ, హిందుస్తానీని మొరాకో వాళ్ల పేరుతోనూ పిలిచారు. ముగ్గురికీ పెట్టినవి అరువు పేర్లే. అయినా కోటలోని వారికి ఏ భాష ఏదో క్షుణ్ణంగా తెలుసు, ఆ పేర్లతో పని ఆగలేదు. అంతకు ముందే, 1674లో, జాన్ థామస్ అనే ఉద్యోగి జెంటూ మాట్లాడడంలోనూ రాయడంలోనూ మంచి ప్రగతి చూపినందుకు 50 వరహాలు బహుమతి ఇవ్వాలని అదే కోటలో ఉత్తర్వు చేశారు. 1719 నాటి మరో నమోదు ప్రకారం మద్రాసులో క్రయపత్రాలు జెంటూలో తాటాకుల మీద రాసేవారు, వాటిని పట్టణ కరణం తన దగ్గరి రిజిస్టరులో ఎక్కించుకునేవాడు. ఇల్లు గానీ స్థలం గానీ చేతులు మారితే ఆ సంగతి తెలుగులో తాటాకు మీదికి ఎక్కేదన్నమాట. ఆనాటి చెన్నపట్నంలో తెలుగు స్థానాన్ని ఇంతకన్నా సూటిగా చెప్పే సాక్ష్యం అరుదు. జెంటూ అంటే ఏమిటో తెలియనివాడి కళ్లకు అది కనబడదు కూడా.

మరి అసలు పేరు ఇంగ్లీషువాళ్లకు తెలియక ఇలా పిలిచారా? కాదు. కంపెనీ వైద్యుడు జాన్ ఫ్రైయర్ 1673లో ఈ తీరం మీద తిరిగి రాసిన యాత్రా వృత్తాంతంలో, ఇక్కడివాళ్ల భాషను సాధారణంగా జెంటు అంటారనీ, దాని సొంత పేరు మాత్రం 'తెలింగ' అనీ విడమరచి చెప్పాడు. మద్రాసులో పనిచేసిన జర్మన్ మతబోధకుడు బెంజమిన్ షుల్జ్ 1746, 1747 సంవత్సరాల్లో జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించినప్పుడు లాటిన్ శీర్షికల్లో 'తెలుగు' అనే మాటనే వాడాడు. అంటే సరైన పేరు అచ్చులోకి ఎక్కిన 60 ఏళ్ల తరువాత కూడా మద్రాసులో అచ్చయిన వ్యాకరణం మీద జెంటూ అనే ఉంది. అలవాటు వల్ల నిలబడ్డ పేరు అది. కచేరీలో తరతరాలుగా ఒక శీర్షిక కింద కాగితాలు కట్టి పెడుతూ ఉంటే, ఆ శీర్షిక తప్పని తెలిసినా మార్చడానికి ఎవరూ ముందుకు రారు.

ఉత్తరాన బెంగాల్‌లో కథ వేరు. అక్కడ తెలుగువాళ్లు కచేరీకి వచ్చేవాళ్లు కారు కాబట్టి జెంటూకు పాత విశాలార్థమే నిలిచింది. 1772లో హేస్టింగ్స్ తెచ్చిన న్యాయపాలన ప్రణాళిక ముస్లింలకు ఖురాను ధర్మాన్నీ, జెంటూలకు శాస్త్రాలనూ అనుసరించాలని చెప్పింది. కలకత్తా సుప్రీంకోర్టు అధికారాలను సవరిస్తూ బ్రిటిష్ పార్లమెంటు 1781లో చేసిన చట్టం వారసత్వం, ఆస్తి, ఒప్పందాల వ్యాజ్యాల్లో ముస్లింలకు ముస్లింల చట్టాలూ ఆచారాలూ, జెంటూలకు జెంటూల చట్టాలూ ఆచారాలూ వర్తిస్తాయని నిర్దేశించింది. మన దేశంలో మతాన్ని బట్టి వ్యక్తిగత చట్టం అనే ఏర్పాటుకు మూలాలు ఇక్కడే ఉన్నాయి. ఆ మూలంలో హిందువు అనే మాట లేదు, జెంటూ ఉంది. కోర్టులో నిలబడ్డ మనిషికి ఏ చట్టం వర్తిస్తుందో తేల్చే బరువైన పనిని, అర్థం ఖాళీగా ఉన్న ఈ మాట మీద పెట్టారు.

రెండు అర్థాలూ ఢీకొన్న చోటు మద్రాసు. మద్రాసు, బొంబాయిలలో రికార్డరు కోర్టులు పెట్టడానికి 1797లో చేసిన చట్టం కలకత్తా నమూనానే తీసుకుని, పక్షాలు జెంటూలైతే జెంటూల చట్టాలూ ఆచారాలూ వర్తిస్తాయని చెప్పింది. ఆ చట్టం ప్రకారం మైలాపూరులో ఉండే తమిళ బ్రాహ్మణుడూ జెంటూయే, ముత్యాలపేటలోని తెలుగు కోమటీ జెంటూయే. కానీ కోర్టు గుమ్మం దాటి బజారులోకి వస్తే మొదటివాడు మలబారు, రెండోవాడు మాత్రమే జెంటూ. ఒకే ఊళ్లో, ఒకే ఏడాది, చట్టం ఒక అర్థంలో, కచేరీ మరో అర్థంలో ఒకే మాటను వాడుతూ పోయాయి.

అందుకే ఈ మాట ఎదురైనప్పుడు దాని పక్కన ఏ మాట ఉందో చూడడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. పక్కన 'మూర్' గానీ 'మహమ్మదీయుడు' గానీ ఉండి, మతం, చట్టం, ఆచారం గురించిన ప్రసక్తి అయితే అది హిందువు. పక్కన 'మలబారు' ఉంటే, లేదా భాష, అనువాదం, దుబాసీల ప్రసక్తి అయితే తెలుగు. ఊరూ కొంత సాయం చేస్తుంది. కలకత్తా నుంచి రాసినదైతే రెండో అర్థానికి దాదాపు చోటు లేదు. మద్రాసు, మచిలీపట్నం, విశాఖపట్నాల నుంచి రాసినదైతే మొదట తెలుగునే అనుమానించాలి. 1801లో దత్తమండలాల నుంచి థామస్ మన్రో రాసిన మాటలు దీనికి చక్కని ఉదాహరణ. నిబంధనల జెంటూ అనువాదం దత్తమండలాలకు సరిపోతుందనీ, కన్నడం బాగా ఎక్కువగా ఉన్న భాగాలవాళ్లకు కూడా జెంటూ అర్థమవుతుందనీ ఆయన రాశాడు. కన్నడంతో పోల్చి చెప్పాడు కాబట్టి ఇక్కడ జెంటూ భాష పేరే అవుతుంది. బళ్లారి, అనంతపురం సీమల్లో ఆనాడు తెలుగు ఎంత దూరం పాకి ఉందో కూడా ఆ వాక్యం చెబుతుంది.

ఈ మాటకు మూలం వెదికిన పాతవాళ్లు కూడా తడబడ్డారు. జెంటూ చట్టాల సంహితకు ముందుమాట రాస్తూ హాల్‌హెడ్, బ్రాహ్మణ మతస్థులకు జెంటూ అనే మాటను వాడడం పొరపాటనీ, జెంటూ అంటే ప్రాణి అనీ, ఇంకా కుదించి చెబితే మనిషి అనీ అన్నాడు. అంటే ఆయన దాన్ని సంస్కృతంలోని 'జంతు' అనుకున్నాడు. మాట పోర్చుగీసుది కనుక ఈ వ్యుత్పత్తి నిలవదు. కానీ దాని అడుగున అనుకోని ఒక చుట్టరికం ఉంది. పోర్చుగీసు మాటకు వెనక ఉన్న లాటిన్ 'జెన్స్' అంటే తెగ, కులం. దానికీ, సంస్కృతంలోని జనము, జాతి, జంతు అనే మాటలకూ ఇండో-యూరోపియన్ ధాతువు ఒక్కటే, పుట్టుక అనే అర్థం ఉన్నది. హాల్‌హెడ్ చెప్పిన దారి తప్పు, తగిలిన బంధుత్వం మాత్రం నిజం.

పంతొమ్మిదో శతాబ్దం రెండో దశకంలో ఈ మాట పట్టు సడలడాన్ని పుస్తకాల పేర్లలోనే చూడవచ్చు. 1807లో వ్యాకరణం జెంటూది. 1814లో బెంగాల్‌లోని సేరంపూరు నుంచి మతబోధకుడు విలియం కేరీ తెచ్చిన వ్యాకరణం 'తెలింగ' పేరును ఎంచుకుంది. 1816లో మద్రాసులో ఎ.డి. క్యాంప్‌బెల్ ప్రచురించిన వ్యాకరణం 'తెలుగు' అనే పేరునే ముందు పెట్టి, సాధారణంగా జెంటూ అని పిలిచేదని దాని వెనక చేర్చి, ఇది ద్వీపకల్పపు ఈశాన్య ప్రాంతాల్లో నివసించే హిందువుల భాష అని ముగించింది. ఆ ఒక్క శీర్షికలో మొత్తం మార్పు కనిపిస్తుంది. భాషకు దాని సొంత పేరు వచ్చింది, ప్రజల మతానికి హిందువు అనే పేరు వచ్చింది, రెండు పనులూ చేసిన జెంటూ మధ్యలో ఒక పాత వాడుకగా మిగిలింది. ఆ పుస్తకానికే మద్రాసులోని కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన ఉపోద్ఘాతం, తెలుగు సంస్కృతం నుంచి పుట్టినది కాదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరొక కుటుంబానికి చెందినదనీ మొదటిసారి ఆధారాలతో చూపించింది. భాషను దాని మాటల లోపలి నిర్మాణాన్ని బట్టి గుర్తించడం మొదలయ్యాక, అన్యజనుల భాష అనే గుర్తింపుకు చదువరుల్లో విలువ లేకుండా పోయింది. అవతల కలకత్తా వైపు పారసీ చదివిన అధికారుల ద్వారా 'హిందూ' అనే మాట ఇంగ్లీషులో బలపడి, మొదటి అర్థాన్నీ మింగేసింది. 1852లో సి.పి. బ్రౌన్ నిఘంటువు వచ్చేనాటికి తెలుగు అన్న పేరుకు ఇంగ్లీషులో పోటీయే లేదు.

అయినా మాటలు ఒక్క ఏడాదిలో పోవు. 1817లో వచ్చిన మరో వ్యాకరణం మళ్లీ జెంటూ పేరునే పెట్టుకుంది. 1837లో రాజమహేంద్రవరంలో జడ్జిగా పనిచేస్తున్న అధికారి భార్య జూలియా, తరువాతి కాలంలో జూలియా మెయిట్‌లాండ్, ఇంటికి రాసిన ఉత్తరంలో తాను కాలక్షేపానికి జెంటూ నేర్చుకోబోతున్నాననీ, అందుకు ఒక మున్షీని వెంట తెచ్చుకున్నాననీ, ఈ ప్రాంతపు భాష అయిన జెంటూ అన్నిటిలోకీ అందమైన వాటిలో ఒకటనీ చెప్పింది. గోదావరి ఒడ్డున కూర్చుని తెలుగును ఇంత ఇష్టంగా తలచుకున్న ఆ వాక్యంలో తెలుగు అన్న మాట లేకపోవడం నాకు ప్రతిసారీ బాధగానే ఉంటుంది. మాట పాతదే గానీ ప్రేమ మన భాష మీదిదే.

నేడు ఈ మాటను విన్నవారిలో ఎక్కువమందికి గుర్తుకు వచ్చేది ఒక పక్షి. అంటార్కిటికా అంచుల్లో, ఫాక్‌లాండ్ దీవుల్లో ఉండే ఒక జాతి పెంగ్విన్ పేరు జెంటూ. తల మీద దానికున్న తెల్లటి పట్టీ తలపాగాను తలపించడం వల్ల ఆ పేరు వచ్చిందని కొందరు చెబుతారు గానీ, అది ఊహ మాత్రమే. పెంగ్విన్‌లలో అన్నిటికన్నా వేగంగా ఈదేది అదే కాబట్టి, వేగం తన గుణంగా చెప్పుకునే ఒక లినక్స్ కంప్యూటర్ వ్యవస్థ ఆ పక్షి పేరు పెట్టుకుంది. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో ఆ పేరు పలికేవాళ్లు ఉన్నారు. అది ఒకప్పుడు తమ భాషకే పేరన్న సంగతి వాళ్లలో ఎంతమంది చెవిన పడిందో.

పరిశోధకులకు మాత్రం ఈ మాట ఇంకా పనికొచ్చే తాళంచెవి. చెన్నపట్నం కోట రికార్డుల్లో, లండన్‌లోని కంపెనీ కాగితాల్లో, పాత గ్రంథాలయాల పట్టికల్లో తెలుగు గురించి వెతికేవారు తెలుగు అన్న ఒక్క పేరుతో వెతికితే సుమారు 1820కి ముందున్న సమాచారంలో చాలా భాగం చేతికి దొరకదు. జెంటూ అన్న మాటను దాని పాత వర్ణక్రమాలన్నిటితోనూ, తెలింగ, వడుగు, బడగ అన్న మాటలతోనూ కలిపి వెతకాలి. వెతికేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా అవసరం. పద్దెనిమిదో శతాబ్దపు బెంగాల్ రికార్డుల్లో 'తెలింగ' అన్నది చాలాచోట్ల భాషా కాదు, ప్రాంతమూ కాదు, కంపెనీ సిపాయి. మద్రాసు నుంచి వెళ్లిన దళాల వల్ల సిపాయికే అక్కడ ఆ పేరు పడింది. కాబట్టి కలకత్తా కాగితంలో జెంటూ కనిపిస్తే తెలుగువాడు కాకపోవచ్చు, తెలింగ కనిపించినా తెలుగువాడు కాకపోవచ్చు. అదే మద్రాసు కాగితంలో ఈ రెండిట్లో ఏది కనిపించినా, ఆ కాగితాన్ని పక్కన పెట్టకుండా చివరి దాకా చదవాలి.